కాపలా దారం

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. వదిన అటు తిరిగి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కింద వీధి తలుపు కిర్రుమంది. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. చెక్కమెట్ల మీద అడుగులు వినిపించాయి. ఎవరో మెట్టు వదిలి మెట్టు ఎక్కుతున్నారు.

"గ్రీజు," అని నెమ్మదిగా చెప్పి, వదిన మళ్లీ గరిటె తిప్పింది.

గ్రీజే. లాంచీ ఇంజను బాగుచేసే కుర్రాడు. ఎంత తోముకున్నా గోళ్ళలో నలుపు పోదు కాబట్టి ఆ పేరు. తడిసిన టోపీ విదిలించుకుంటూ వచ్చి, "టీ ఉందా అక్కా? లేకపోతే ఉందని అబద్ధమైనా చెప్పు," అన్నాడు. వదిన నవ్వింది. నవ్వుతూనే చీర మీద వేసుకున్న చొక్కా చేతుల్ని మణికట్టు దాటేలా కిందికి లాక్కుంది.

ఆ ఏడు నది తొందరగా పొంగింది. లాంచీని రేవులో కట్టేశారు. మా అన్నయ్య ఆ లాంచీకి సరంగు. చక్రం పట్టుకుంటే సుడిగుండాలు కూడా దారి ఇస్తాయని రేవులో చెప్పుకునేవారు. కానీ నీళ్ళు తీసేదాకా సరంగుకు పని ఉండదు. అంటే వానాకాలమంతా ఇంట్లోనే. నేను బడి చదువు ముగించి, కుట్టుపని నేర్చుకుందామని ఎండాకాలంలో వాళ్ళింటికి వచ్చాను. వానల్లో వాళ్ళతో ఉండటం అదే మొదలు.

ఎండాకాలంలో వదిన పాడుకుంటూ పనిచేసేది. పాట ఎప్పుడు ఆగిందో నేను పట్టించుకోలేదు. ఆగాక మాత్రం ఇంట్లో ఏది ఎలా చప్పుడు చేస్తుందో నాకూ తెలిసిరావడం మొదలైంది. పైన రేకుల మీద వాన. వెనక గదిలో అన్నయ్య మంచం. కింద వీధి తలుపు. ఆ తలుపు తెరిస్తే ముసలి కాకి అరిచినట్టు ఉంటుంది, ఎంత వానలోనైనా వినిపిస్తుంది. ఆ రోజు టీ తాగి వెళ్తూ గ్రీజు జేబులోంచి నూనె డబ్బా తీశాడు.

"ఇదేం గోల అక్కా, ఒక్క చుక్క వేస్తే నోరు మూసుకుంటుంది."

వదిన గబగబా మెట్లు దిగి, తలుపుకీ అతనికీ మధ్య నిలబడింది.

"వద్దు. అలాగే ఉండనీ."

"ఎందుకూ?"

"అలవాటైపోయింది," అంది. గ్రీజు భుజాలెగరేసి డబ్బా జేబులో పెట్టుకున్నాడు. మెట్ల మీద నిలబడి నేను చూశాను. అలవాటైన చప్పుడు కోసం ఎవరూ అంత తొందరగా మెట్లు దిగరు.

ఆటను మా ఇంటికి తెచ్చింది లాంచీ టికెట్ల గుమస్తా గారు. తల నెరిసిన మనిషి, కళ్ళద్దాల వెనక ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టు ఉంటారు. రేవు మూసేశాక ఆయనకూ పొద్దుపోదు. రకరకాల ముఖాల పాచికలు, గళ్ళ కాగితాలు ఉన్న ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆయన కథ చెబుతారు. మనం అందులో మనుషులమవుతాం. ఏం చేస్తామో చెప్పాలి. అది సాగుతుందో లేదో పాచిక తేలుస్తుంది.

అన్నయ్య కత్తి పట్టిన యోధుడయ్యాడు, వేరే ఏదీ అవుతాడని ఎవరూ అనుకోలేదు. గ్రీజు దొంగ. నాకు గాయాలు మాన్పే పని అప్పజెప్పారు, నోరు పెద్దగా తెరవక్కర్లేదని. నేను మాట్లాడేది తక్కువ కాబట్టి అన్నయ్య నన్ను మూగపిచ్చుక అనేవాడు. వదిన అందులో మూగ తీసేసి వట్టి పిచ్చుకా అని పిలిచేది. మిగిలింది మంత్రగత్తె. అది వదినకు పడింది.

"మొదటి మెట్టు మీద ఉన్నావమ్మా, పెద్ద మంత్రాలు రావు. రోజుకు రెండు వేయొచ్చు," అని గుమస్తా గారు వరసగా చదివారు. నిప్పు బాణం. నిద్ర మంత్రం. కంటికి కనపడని డాలు.

"చివర్లో ఒకటి చదవకుండా వదిలేశారు," అంది వదిన.

"అదా? కాపలా దారం. దాన్నెవరూ తీసుకోరులే." అయినా చెప్పారు. వెండి దారంలాంటి గీత ఒకటి మన చుట్టూ గీసుకోవడం. గీత ఎవరికీ కనిపించదు. ఎవరైనా దాటితే గంట మోగుతుంది. కావాలంటే అందరికీ వినపడేలా, లేదంటే వేసినవాళ్ళ తలలో మాత్రమే.

"వచ్చేవాణ్ణి ఆపదా?"

"ఆపదు."

"దెబ్బ తగలదా వాడికి?"

"ఏం తగలదు. వస్తున్నాడని నీకు తెలుస్తుంది, అంతే."

"ఎంత ముందు తెలుస్తుంది?"

గుమస్తా గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. "గీత ఎంత దూరంలో గీసుకుంటే అంత ముందు," అన్నారు చివరికి.

"అయితే రెండూ అవే ఇవ్వండి."

అన్నయ్య పగలబడి నవ్వాడు. చేతికి నిప్పిస్తానంటే గజ్జెలు కావాలంటుందని గ్రీజుతో అన్నాడు. గ్రీజు కూడా నవ్వాడు, నేనూ నవ్వాను. అన్నయ్య నవ్విస్తే నవ్వకుండా ఉండటం కష్టం. లాంచీలో ఏడ్చే పసిపిల్లలు కూడా ఆయన ముఖం చూసి ఊరుకునేవారు. ఎండాకాలంలో ఒకసారి నాకు జ్వరమొస్తే రేవు నుంచి డాక్టరును భుజాన వేసుకొచ్చినంత పని చేశాడు. నాకు అన్నయ్యంటే ఇష్టం. ఇది ముందే చెప్పకపోతే మిగతాది అబద్ధంలా ఉంటుంది.

ఆడుతూ ఆడుతూ ఆ మంత్రం మీద నాకూ మనసు పోయింది. నిప్పు బాణం తగలొచ్చు, తప్పొచ్చు. నిద్ర మంత్రానికి లొంగని రాక్షసులుంటారు. కాపలా దారానికి పాచిక వేయక్కర్లేదు. వేస్తే పడినట్టే. ఇంట్లో అన్నీ మరొకరి మూడ్ మీద, మరొకరి పాచిక మీద నడుస్తున్నప్పుడు, తప్పనిది ఒక్కటి చేతిలో ఉండటం ఎలా ఉంటుందో వదిన ముఖం చూస్తే తెలిసేది. గుడారం వేసిన ప్రతిసారీ ఆమె పెన్సిలు తీసుకుని గళ్ళ కాగితం మీద గీత గీసేది. వీలైనంత దూరంగా. గంట అందరికీ వినపడాలా అని గుమస్తా గారు అడిగితే, "నాకొక్కదానికి చాలు," అనేది. గీస్తున్నప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగేది. మణికట్టు మీద నీలంగా నాలుగు వేళ్ళ గుర్తులు కనిపించాయి ఒకసారి. గుమస్తా గారు కూడా చూశారు. చూసి, కాగితం మీదికి వంగి కొండల్ని ఇంకాస్త నల్లగా దిద్దుతూ కూర్చున్నారు.

ఒక ఆటలో గ్రీజు దొంగ ఒంటేలుకని గుడారం బయటికి వెళ్ళొస్తూ గీత దాటాడు. గంట మోగింది. వదిన మంత్రగత్తె లేపితే అన్నయ్య యోధుడు నిద్రకళ్ళతో లేచి వాడి మీద కత్తి దూశాడు. ఆ పూట అందరం కడుపు పట్టుకుని నవ్వాం. అప్పట్నుంచి గుమస్తా గారు ఒక నియమం పెట్టారు. దారం వేసేటప్పుడు, గంట మోగకుండా దాటగలిగేవాళ్ళ పేర్లు మంత్రగత్తె పైకి చెప్పాలి. చెప్పని పేరుకు గంట మోగుతుంది. వదిన ప్రతిసారీ "మనవాళ్ళందరూ" అనేది, ఆయన సరేననేవారు.

వానలు ముదిరాయి. వీధిలోకి నీళ్ళొచ్చాయి. ఒక పొద్దున వెనక గదిలోంచి ఏదో పగిలిన చప్పుడు వచ్చింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. అన్నయ్య బయటికొచ్చి, అద్దం జారిందని నాతో చెప్పి, చీపురు తనే తీసుకెళ్ళాడు. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఉషారుగా ఒక సంగతి చెప్పాడు. ఈసారి నీళ్ళు తీశాక వదినను లాంచీ మీదే ఉంచేస్తాడట. లాంచీ వెనక గది ఖాళీగానే ఉందట, వంట చేసిపెట్టొచ్చట. నన్ను ఊరికి పంపేస్తాడట.

"ఇంట్లో ఒక్కత్తీ ఏం చేస్తుంది? అక్కడైతే ఎటు చూసినా నీళ్ళే. ఎప్పుడూ కళ్ళముందే ఉంటుంది," అన్నాడు.

వదిన ముద్ద నోట్లో పెట్టుకుని, అది నమలడం మరిచిపోయినట్టు కూర్చుంది.

ఆ సాయంత్రమే ఆట. కథలో మేం కొండ మీద కూలిన కోటలో బస చేశాం. కింద లోయలో ఎవరివో దివిటీలు కదులుతున్నాయని గుమస్తా గారు చెప్పారు. వదిన పెన్సిలు తీసుకుని కోట చుట్టూ గీత గీసింది. గీత ఈ చివర ఆ చివర కలిసిందో లేదో వంగి చూసుకుంది.

"ఎవరెవరు దాటొచ్చమ్మా?" అన్నారు గుమస్తా గారు, మామూలుగా.

"పిచ్చుక," అంది వదిన. "గ్రీజు."

ఆయన ఆగారు. వదిన పెన్సిలు బల్ల మీద పెట్టేసింది.

"తర్వాత?"

"అంతే."

గ్రీజు తన పాచికను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. గుమస్తా గారు తొందరగా సర్దబోయారు. యోధుడు బయట కాపలా ఉంటాడు కదా, గీత లోపలికి రావలసిన అవసరమే లేదు, అందుకని చెప్పలేదు, అంతేగా అన్నారు. వదిన కాగితాన్ని ఆయన వైపు జరిపింది.

అన్నయ్య నవ్వాడు. మేం ముగ్గురం కూడా నవ్వేదాకా నవ్వుతూనే ఉన్నాడు. "బాగుంది. కట్టుకున్నవాడు దొంగ, దొంగ ఇంటివాడు," అన్నాడు. తర్వాత పాచికలన్నీ ఒక్కొక్కటే ఏరి, జాగ్రత్తగా, అట్టపెట్టెలో వేసి, మూతపెట్టి గుమస్తా గారి చేతికిచ్చాడు. మళ్లీ తనే కబురు పెడతానన్నాడు. పెద్దాయన మెట్లు దిగేటప్పుడు పడిపోకుండా మోచెయ్యి కూడా పట్టుకున్నాడు.

పొద్దున లేచేసరికి అన్నయ్య కింద వీధి తలుపు దగ్గర ఉన్నాడు. బందులకు నూనె వేస్తున్నాడు. గుడ్డతో తుడిచి, తలుపు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. చిన్న చప్పుడైనా లేదు.

"ఇంత కిర్రుమంటుంటే ఎలా ఉంటున్నారే మీరు?" అన్నాడు నాతో.

ఆ తర్వాత గోనెసంచిలోంచి లాంచీ గంట తీశాడు. ఎవరైనా ఎత్తుకుపోతారని ఏటా వానల్లో దాన్ని ఇంటికి తెచ్చి మంచం కింద దాచేవాడట. ఇత్తడిది, చిన్న బిందెంత ఉంటుంది. తలుపు లోపలివైపు, పై చట్రానికి కొక్కెం కొట్టి వేలాడదీశాడు. తలుపు బెత్తెడు తెరుచుకోగానే పై అంచు గంటను తోసేలా అమర్చాడు. ఒకసారి తెరిచి చూపించాడు. ఆ మోత మెట్లెక్కి, గదులన్నీ తిరిగి, నా పళ్ళలోకి దిగింది.

వదిన పై మెట్టు మీద నిలబడి చూస్తోంది. అన్నయ్య తలెత్తలేదు. నాతోనే అన్నాడు.

"మీ వదినకు గంటలంటే ఇష్టం కదా. దీనికి మంత్రం అక్కర్లేదు. రోజుకు రెండే అని కూడా లేదు."

అప్పట్నుంచి తలుపు తీస్తే గంట, గంట మోగితే వెనక గదిలోంచి "ఎవరు?" అని కేక. నేనే అన్నయ్యా, నీళ్ళకి. నేనేనండీ, చెత్త పారబోయడానికి. చెత్త బుట్టకు వెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలుసు. కాస్త ఆలస్యమైతే కిటికీ తెరుచుకునేది.

ఆయన వస్తే మాత్రం గంట మోగేది కాదు. ఎలా చేస్తాడో మెట్ల కిందనుంచి ఒకసారి చూశాను. బయటినుంచి తలుపు కాస్త తోసి, సందులోంచి పొడుగు చెయ్యి పైకి పెట్టి, గంట నాలుకను పిడికిట్లో పట్టుకుంటాడు. అప్పుడు తలుపు ఎంత తోసినా గంట ఊగుతుందే తప్ప మోగదు. లోపలికొచ్చి, నెమ్మదిగా నాలుక వదిలి, మెట్ల అంచుల మీద కాళ్ళు వేస్తూ పైకెళ్తాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు, చిన్నప్పుడు దాగుడుమూతల్లో పెట్టుకున్నట్టే.

నేను వెనకే పరుగెత్తేసరికి ఆయన వదిన వెనక, చెవికి దగ్గరగా నిలబడి ఉన్నాడు. ఆమె పొయ్యి మీది గిన్నె దించుతోంది. ఆయన ముట్టుకోలేదు. ఊరికే ఊపిరి వదిలాడు. గిన్నె జారింది. మరిగే నీళ్ళు ఆమె ముంజేతి మీద పడ్డాయి.

"ఏంటి, భయపడ్డావా?" అన్నాడు.

చల్లనీళ్ళు పోసిందీ, మందు రాసిందీ, కట్టు కట్టిందీ అన్నయ్యే. లాంచీ మీద ఎందరికో కట్టిన చేతులు. ఎంత మెత్తగా కట్టాడంటే, కొత్తగా చూసేవాళ్ళు ఎంత ప్రేమో అనుకుంటారు. ఆ కట్టు కడుతున్నంతసేపూ వదిన తలుపు వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు. దూరం కొలుస్తున్నట్టు ఉంది.

కొన్నాళ్ళకు వాన తెరిపిచ్చింది. గుమస్తా గారు వచ్చారు. గంట మోగింది, పైనుంచి కేక వచ్చింది, నేను ఎవరో చెప్పాను. ఆయన పైకి రానన్నారు. ఎలా ఉన్నారందరూ అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, కాస్త గట్టిగానే ఊరి కబుర్లు చెప్పారు. వంతెన దారి మీద నీళ్ళు తీశాయట. బజారు నుంచి అవతలి గట్టుకు బస్సు మళ్లీ వేశారట, మధ్యాహ్నం వెళ్తుందట. లాంచీ ఇంకో వారానికి గాని కదలదట. పైన అన్నయ్యకు వినిపించినా అందులో తప్పు పట్టడానికేమీ లేదు. వెళ్తూ గంట కేసి చూశారు. గీత గీసిన కాగితాన్ని చూసినట్టు, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

వదిన బియ్యం కడుగుతోంది. ఆమెకు పుట్టినిల్లంటూ మిగల్లేదు. అవతలి గట్టున ఒక అక్క ఉంది. ఇన్నేళ్ళుగా ఆమె దగ్గరికి దారంటే అన్నయ్య లాంచీయే. వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళడం మా ఇంట్లో ఎవరి నోటా రాని మాట.

"బస్సు తిరుగుతోందట వదినా," అన్నాను. "మధ్యాహ్నం."

ఆమె కడిగిన నీళ్ళు వంపింది. మళ్లీ నీళ్ళు పోసి మళ్లీ కడిగింది. ఆ బియ్యాన్ని అలా ఎన్నిసార్లు కడిగిందో.

లాంచీ బయల్దేరే ముందు మోకుతాళ్ళు సరిచేయాలి. తెగిన పురుల్ని ఒకదానిలోకి ఒకటి దూర్చి, చెక్క సుత్తితో కొట్టి గట్టిపరచాలి. ఆ పని మరొకరికి ఇవ్వడు అన్నయ్య. మధ్యాహ్నాలు వెనక గదిలో నేల మీద కూర్చుని కొడుతూ ఉండేవాడు. టక్, టక్, టక్. ఆగిందంటే వింటున్నాడని అర్థం.

ఆ మధ్యాహ్నం నేను చిక్కుళ్ళ గిన్నె, స్టూలు తీసుకుని కిందికి దిగాను. పైన చీకటిగా ఉంది, తలుపు పక్క కిటికీ దగ్గర వెలుతురుందని అన్నయ్యకు చెప్పాను. సరేనన్నాడు. వదినకు ఏమీ చెప్పలేదు. ఆమె ఏమీ అడగలేదు. స్టూలు తలుపు పక్కన వేసుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీయసాగాను. బజారు వైపు నుంచి బస్సు హారన్ ఒకటి వినిపించింది. పొడుగ్గా, జనాన్ని పిలుస్తున్నట్టు.

గిన్నె కింద పెట్టాను. స్టూలు ఎక్కాను. నా చెయ్యి అన్నయ్య చెయ్యంత పొడుగు కాదు. మునివేళ్ళ మీద నిలబడితే గాని గంట అంచు అందలేదు. లోపలికి చెయ్యి పెట్టి నాలుక పట్టుకున్నాను. చల్లగా, నేననుకున్నదానికన్నా బరువుగా ఉంది.

వదిన మెట్ల మీద కనిపించింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. భుజాన చిన్న సంచి. మెట్ల మధ్యలో కాదు, గోడవైపు అంచు మీద అడుగులు వేస్తోంది, ఆయన వేసినట్టే.

పైన సుత్తి ఆగింది.

వదిన ఒక కాలు గాలిలో ఉండగానే నిలిచిపోయింది. గంట అంచు మణికట్టుకు కోసుకుంటోంది. గిన్నె స్టూలు కాలి పక్కనే ఉందని గుర్తొచ్చింది. స్టూలు కాస్త కదిలినా దానికి తగులుతుంది.

"మూగపిచ్చుకా," అన్నాడు అన్నయ్య పైనుంచి. "ఏం చేస్తున్నావే?"

"ఈనెలు తీస్తున్నా," అన్నాను.

నా గొంతు మామూలుగానే ఉంది. నేను ఎప్పుడూ తక్కువే మాట్లాడతాను కాబట్టి, అది చాలు.

సుత్తి మళ్లీ మొదలైంది. టక్, టక్.

వదిన మిగిలిన మెట్లు దిగింది. నా ముందుకొచ్చి, తలెత్తి, గంటలో ఉన్న నా చేతిని చూసింది. కట్టు కట్టిన చేత్తో తలుపు పట్టుకుని లాగింది. నూనె వేసిన తలుపు ఇట్టే తెరుచుకుంది. పై అంచు గంటను తోసింది. గంట ఊగింది. నాలుక నా పిడికిట్లో గిలగిలలాడి ఊరుకుంది.

బయట వీధి నిండా బురద. ఆమె చెప్పులు తొడుక్కోవడానికి కూడా ఆగలేదు.